టైమింగ్ బెల్ట్ తెగిందని ఇంజిన్ మార్చేయకండి, ముందు హెడ్ దింపించి చూడండి

1.08 లక్షల కిలోమీటర్లు తిరిగిన మీ డీజిల్ కారు భోగాపురం దాటాక నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందన్నారు. టైమింగ్ బెల్ట్ తెగిందని తేలింది. ఒక చోట ఇంజిన్ మార్చాలి, లక్షా పది వేలు అన్నారు. ఇంకో చోట పాతిక వేలల్లో అయిపోతుంది అన్నారు. ఎవర్ని నమ్మాలి, బాగు చేయించాలా, విజయనగరంలోనే ఎవరికైనా ఉన్నదున్నట్టు అమ్మేయాలా అని అడిగారు.

ఇప్పుడప్పుడే ఇద్దర్నీ నమ్మకండి. ఇద్దరూ హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే, వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దింపకుండా చెప్పారు. లోపల చూడకుండా చెప్పిన రేటు ఎంతైనా అది ఊహే.

రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇలాగే జరిగింది. మాది శ్రీకాకుళం. మే నెలలో అమ్మను తీసుకుని పలాసలో అక్క వాళ్లింటికి బయల్దేరాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు, 94 వేలు తిరిగింది. నరసన్నపేట దాటి కోటబొమ్మాళి వస్తుండగా ముందు నుంచి 'టప్' అని ఒక్క చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ లేదు, స్టీరింగ్ బరువెక్కిపోయింది. ఎలాగోలా పక్కకి తీసి ఆపాను. ఏమైందో తెలియని టెన్షన్‌లో నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాను. ఆ శబ్దం ఇప్పటికీ గుర్తుంది. మామూలుగా డీజిల్ ఇంజిన్‌కి సెల్ఫ్ కొడితే 'గుర్ర్ గుర్ర్' అని లాగుతున్నట్టు బరువుగా తిరుగుతుంది. ఆరోజు మాత్రం ఖాళీ మిక్సీలా గిర్రున తిరిగింది. కంప్రెషన్ లేదన్నమాట, అంటే సిలిండర్లలో గాలి నొక్కుకోవడం లేదు. మా మెకానిక్ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "ఏటి బాబూ, సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టీసినారు?"

అలా ఎందుకు అడిగాడో తర్వాత అర్థమైంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేది ఈ బెల్టే. అది తెగగానే క్యామ్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. ఆ క్షణంలో తెరుచుకుని ఉన్న వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. కానీ క్రాంక్ ఆగదు, బండి వేగం దాన్ని తిప్పుతూనే ఉంటుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకి ముప్పై సార్లకు పైగా పైకి వస్తుంది. డీజిల్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య మిల్లీమీటరు అటూ ఇటూ జాగా ఉంటుంది, అంతే. తెరుచుకున్న వాల్వ్ దానికి అడ్డం వస్తే వంగక తప్పదు. కొన్ని పెట్రోల్ ఇంజిన్లలో ఈ రెండూ తగలనంత ఖాళీ ఉంటుంది, వాటికి కొత్త బెల్ట్ వేస్తే సరిపోతుంది. డీజిల్‌లో ఆ ఆశ దాదాపు లేదు.

నడుస్తుండగా తెగితే తగలాల్సిన దెబ్బ చాలావరకు అప్పటికే తగిలేసి ఉంటుంది. అయినా సెల్ఫ్ కొట్టకూడదు. విరిగిన వాల్వ్ ముక్క గానీ రాకర్ (వాల్వ్‌ని నొక్కే చిన్న మీట) ముక్క గానీ లోపల ఉంటే, తిప్పిన ప్రతిసారీ సిలిండర్ గోడ గీరుకుపోతుంది. అప్పుడది హెడ్ పనితో ఆగదు. మీరు కూడా ఇక ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి. షెడ్డు మారుస్తున్నా సరే, తాడు కట్టి లాగేటప్పుడు న్యూట్రల్‌లోనే ఉండాలి. గేర్‌లో పెట్టి తోయనివ్వకండి.

పాతిక వేలన్నాయన కొత్త బెల్ట్ వేసి స్టార్ట్ చేసి చూద్దాం అంటాడేమో. నాకూ ఒకాయన అలాగే చెప్పాడు, నేను దాదాపు ఒప్పేసుకున్నాను కూడా. కొంచెం వంగిన వాల్వ్‌తో ఇంజిన్ ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, వణుకుతూ, పొగ కక్కుతూ నడుస్తుంది. కొన్నాళ్లకు ఆ వాల్వ్ తల తెగి పిస్టన్ మీద పడితే ఇంజిన్ నిజంగానే పోతుంది. బెల్ట్ వేశాక చేత్తో తిప్పి, గేజ్ పెట్టి కంప్రెషన్ చూస్తానంటే ఒప్పుకోండి. చూడకుండా స్టార్ట్ చేస్తానంటే మాత్రం వద్దనండి.

మా మెకానిక్ హెడ్ దింపిన రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. నాలుగు పిస్టన్ల మీదా మసి. గుడ్డతో తుడిస్తే మూడింటి మీద గోటితో నొక్కినట్టు అర్ధచంద్రాకారం గుర్తులు, లోతు పెద్దగా లేదు. వేలు పెట్టి రాసి చూడమన్నాడు. అంచు గరుకు లేదు, పగులు లేదు, కాబట్టి పిస్టన్లు ఉంచేయొచ్చన్నాడు. తర్వాత ఒక్కో పిస్టన్నీ పై దాకా తెచ్చి ఎత్తు కొలిచాడు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటే ఆ పిస్టన్ మిగతా వాటికన్నా కిందే ఆగిపోతుంది. నాలుగూ సమానంగా ఉన్నాయి. అప్పటిదాకా బిగపట్టుకున్న ఊపిరి అక్కడ వదిలాను, ఎందుకంటే రాడ్ పోతే ఖర్చు రెట్టింపు.

వాల్వుల్ని మాత్రం అద్దం ముక్క మీద దొర్లించాడు. మంచిది నూనె రాసినట్టు జారుతుంది. వంగినది తల ఊపుతూ వెళ్తుంది. ఎనిమిదింట్లో ఐదు తల ఊపాయి. అయిదే మార్చి మిగతా మూడు ఉంచమంటే ఒప్పుకోలేదు, ఎనిమిదీ మార్చాలన్నాడు. అది సరైన మాటేనని ఇప్పుడు నేనూ అంటాను.

నా బిల్లు చెబుతాను. వాల్వులు 5,200, గైడ్లూ సీళ్లూ 2,100, విరిగిన రాకర్లు మూడు 2,700, హెడ్ గ్యాస్కెట్‌తో పాటు మిగతా గ్యాస్కెట్లు, కొత్త హెడ్ బోల్టులు 4,300. లేత్‌లో సీట్ కటింగ్ (వాల్వ్ కూర్చునే చోటు సరిచేయడం), హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం) 4,800. బెల్ట్, దాన్ని బిగుతుగా నడిపే టెన్షనర్, ఐడ్లర్ చక్రాలు, వాటర్ పంప్ కలిపి 7,900. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 3,600. లేబర్ 10,000, బండి లాక్కొచ్చినందుకు 3,000. మొత్తం 43,600 రూపాయలు, పన్నెండు రోజులు. పెద్ద సర్వీస్ సెంటర్‌లో హెడ్ మొత్తం కొత్తది వేస్తాం, 92 వేలు అన్నారు. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు. చాలాచోట్ల వాల్వులు విడిగా మార్చే పని పెట్టుకోరు, పార్టు పార్టుగా మార్చేస్తారు. మీ బండికి 16 వాల్వులుంటే వాల్వుల ఖర్చు దాదాపు రెట్టింపు వేసుకోండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ప్యాకేజీ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కావు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ముఖ్యంగా నీళ్లు లోపలికి పోవడం లాంటి వాటికి, బెల్ట్ పాతబడి తెగినదానికి కాదు.

ఇంకొకటి చాలామంది వదిలేస్తారు, నాకు ఇదే ముఖ్యం. బెల్ట్ ఎందుకు తెగింది? నాది పాతబడి తెగలేదు. వాటర్ పంప్ బేరింగ్ బిగుసుకుపోయింది. అది తిరగక, దాని మీద నుంచి వెళ్లే బెల్ట్ రాసుకుని పళ్లు ఊడిపోయాయి. అంతకు ముందు రెండు వారాలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే సన్నగా కీచుమనేది, నేను ఏసీ బెల్ట్ అనుకున్నాను. అప్పుడు పంప్, బెల్ట్ మార్పించి ఉంటే లేబర్‌తో కలిపి పది పన్నెండు వేలు. మీ తెగిన బెల్ట్ పారేయనివ్వకండి. పళ్లు ఊడాయా, ఒక అంచు అరిగిందా, ఆయిల్ తడి ఉందా చూడండి. ఆయిల్ ఉంటే క్యామ్ సీల్ గానీ క్రాంక్ సీల్ గానీ కారుతోంది. ఆ సీల్ మార్చకపోతే కొత్త బెల్ట్ కూడా నిలవదు. పాత పంప్‌ని మాత్రం బాగానే ఉందని తిరిగి పెట్టనివ్వకండి.

బిగించేటప్పుడు క్రాంక్, క్యామ్ చక్రాల మీది మార్కులు కలిపాక, స్టార్ట్ చేసే ముందు స్పానర్‌తో క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పమనండి. మార్కులు మళ్లీ అక్కడికే రావాలి. ఎక్కడైనా తగిలినట్టు ఆగితే బలవంతం చేయకూడదు, బెల్ట్ ఒక పన్ను పక్కకి కూర్చుని ఉండొచ్చు.

అమ్మేయాలా అన్నదానికి: బాడీ, గేర్‌బాక్స్ బాగుండి, రాడ్లు నిటారుగా ఉంటే చేయించండి. తెగిన బెల్ట్‌తో కొనేవాడు ఇంజిన్ మొత్తం పోయిందనే లెక్కేసుకుని బేరమాడతాడు, మీకు చాలా నష్టం. రాడ్లు వంగి, సిలిండర్ గోడలు కూడా గీసుకుపోయి ఉంటే అప్పుడు సెకండ్ హ్యాండ్ ఇంజిన్ గురించి విశాఖ ఆటోనగర్‌లో అడగడం మంచిది.

ఇది చదివే మిగతావాళ్లకి: మీ బండికి టైమింగ్ బెల్ట్ ఉందా, దాని బదులు చైన్ ఉందా అన్నది ముందు తెలుసుకోండి. పాత శాంట్రో, ఇండికా డీజిల్, డస్టర్ 1.5 డీజిల్, ఇన్నోవా 2.5 ఇవన్నీ బెల్ట్. స్విఫ్ట్ 1.3 డీజిల్, క్రిస్టా 2.4 చైన్. మాన్యువల్‌లో కిలోమీటర్లూ, సంవత్సరాలూ రెండూ రాసి ఉంటే ఏది ముందొస్తే దానికే మార్చాలి, రబ్బరు నిలబడి ఉన్న బండిలో కూడా పాతబడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు బెల్ట్ మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. నేను కొన్నప్పుడు అమ్మినాయన నోటి మాటగా "మార్చాం" అన్నాడు, నేను బిల్లు అడగలేదు.

హెడ్ దింపే రోజు మీరు సెలవు పెట్టైనా షెడ్డులో ఉండండి. పిస్టన్ల పై భాగం, వాల్వులు, తెగిన బెల్ట్, ఈ మూడింటి ఫోటోలు వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. నేను చూసి, మా మెకానిక్‌కి కూడా చూపించి చెబుతాను.