వేట నిషేధంలో పెట్రోలు ట్యాంకు జాగ్రత్త

అల్లుడికి మావయ్య దీవెనలు.

బోటుకి కొత్త ఇంజను బిగించావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ నిషేధం, సముద్రంలో చేపల వేట ఉండదు. ఎండలు మండిపోయేదీ ఆ రోజుల్లోనే. అందుకే పెట్రోలు ట్యాంకు గురించి ముందే రాస్తున్నాను.

ట్యాంకు మూత మీద చిన్న గాలి మర ఉంటుంది చూడు. ఇంజను నడుస్తున్నంతసేపూ అది తెరిచే ఉండాలి. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా! మర బిగించి ఉంటే కాసేపు బాగానే నడిచి, సరిగ్గా కెరటాల్లో ఉండగా ఆగిపోతుంది. అప్పుడు ట్యాంకు నుంచి ఇంజనుకెళ్లే పైపు మధ్యలోని రబ్బరు బుడ్డ పట్టుకు చూడు. చదునుగా నొక్కుకుపోయి ఉంటుంది. ట్యాంకు పక్కలూ లోపలికి లాక్కుపోతాయి. కార్బొరేటరు జోలికి పోకు, ముందు మర తిప్పు.

ఒడ్డుకొచ్చాక మర బిగించాలి, ఇంజను దగ్గర పైపూ ఊడదీయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. ఎండకి ట్యాంకులో ఒత్తిడి పెరిగితే పెట్రోలు పైపులోంచి తోసుకెళ్లి, కార్బొరేటరు పొంగి, బోటు అడుక్కి కారుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి తేలిపోదు, అడుగునే పేరుకుంటుంది. అక్కడ ఒక్క బీడీ వెలిగినా చాలు.

అంచుదాకా ఎప్పుడూ నింపకు. వేడి 10 డిగ్రీలు పెరిగితే పెట్రోలు నూటికి ఒక వంతు ఉబ్బుతుంది. 24 లీటర్ల ట్యాంకులో 21 దగ్గర ఆపెయ్. అదీ బోటులోంచి దించి, నేలమీద పెట్టి పోయాలి.

నిషేధం రోజుల్లో మాత్రం పెట్రోలు అసలు ఉంచకు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిపింది. అది తేమని పట్టేస్తుంది, నీళ్లు అడుక్కి దిగుతాయి, ఇంజను ముందు లాగేది ఆ నీళ్లనే. నీది ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఆయిలు కలపవు, మిగిలింది బైకులో పోసుకో. ఖాళీ ట్యాంకే కదా అని ఇంట్లో పెట్టావంటే ఊరుకోను. లోపల మిగిలిన తడి ఆవిరైనా అంటుకుంటుంది. పొయ్యికీ, పిల్లలు పడుకునే చోటికీ దూరంగా, గాలి ఆడే నీడలో పెట్టు.

ఎప్పుడైనా ట్యాంకు ఉబ్బి, అడుగు గుండ్రమై నేలమీద ఊగుతుంటే కంగారుపడకు. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మర మీద గుడ్డ వేసి, మెల్లిగా కొంచెం తిప్పు. బుస ఆగాకే పూర్తిగా తెరువు, ఆ తర్వాతే పైపు తగిలించు. తగిలించేముందు పైపుని వంచి చూడు. పగుళ్లు కనిపిస్తే కొత్తది వెయ్యి, టేపు చుట్టి నెట్టుకురాకు.

ఉంటాను.
మావయ్య