హదస్సా, గొంజిచెట్టు, మిర్టస్: ఒక సైబర్ నవల సందేహం

సందేహం: నేను తెలుగులో ఒక సైబర్ థ్రిల్లర్ రాస్తున్నానండీ. కథ 2010లో, ఇరాన్‌లో నతాంజ్ అణుకేంద్రంలోకి దూరిన స్టక్స్‌నెట్ చుట్టూ తిరుగుతుంది. హీరోయిన్ టెల్ అవీవ్‌లో పనిచేసే యూదు అమ్మాయి. కోడ్‌లో దొరికిన 'మిర్టస్' అనే మాట నుంచి బైబిల్లో ఎస్తేరు దాకా ఒక క్లూ నడిపించాను. చదివిన ఫ్రెండ్స్ ఏమో 'యెరూషలేము, హెబ్రీ, ఎస్తేరు ఇవన్నీ చర్చి భాష, జెరూసలేం, హీబ్రూ, ఎస్తర్ అని రాయి' అంటున్నారు. ఏది కరెక్టు? యూదురాలు, యూదియురాలు వీటిలో ఏది వాడాలి? మిర్టస్‌కి తెలుగు మాట ఉందా?

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మీ నవల మొత్తం దానిమీదే నిలబడి ఉంది కదా, అది తేలితే మిగతావాటికి దారి దొరుకుతుంది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. స్టక్స్‌నెట్ అనేది 2010 జూన్‌లో బెలారస్‌లోని ఒక యాంటీవైరస్ కంపెనీ కంటబడ్డ వర్మ్, అంటే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి తనంతట తనే పాకే వైరస్‌లాంటి ప్రోగ్రాం. పెన్‌డ్రైవ్‌ల మీద పాకుతూ పోయి, యంత్రాల్ని నడిపించే సీమెన్స్ కంట్రోలర్లని వెతికి పట్టుకుని, యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్‌లు తిరిగే వేగాన్ని తారుమారు చేసేది, ఆపరేటర్ల స్క్రీన్ మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడేది. దాని కోడ్‌లో ఒక ఫైల్ పాత్ చెరపకుండా మిగిలిపోయింది, అందులో ఫోల్డర్ పేరు మిర్టస్, ఫైల్ పేరు గ్వావా. మిర్టస్ అంటే లాటిన్లో సువాసన ఉండే ఒక పొద. అదే పొదని హీబ్రూలో హదస్ అంటారు, దాన్నుంచి వచ్చిన ఆడపిల్ల పేరు హదస్సా, బైబిల్లో పారసీక రాణి అయిన ఎస్తేరుకి ఉన్న ఇంకో పేరు అదే. పారసీక దేశంలో యూదులందర్నీ ఒకేరోజు చంపించాలని మంత్రి హామాను పన్నిన పన్నాగాన్ని ఎస్తేరు తిప్పికొట్టింది, ఆనాటి పారసీకమే ఈనాటి ఇరాన్, అందుకని చాలామంది ఈ రెంటినీ ముడిపెట్టారు. ఇది ఊహే తప్ప రుజువు లేదు. ఆ మాటని 'మై ఆర్‌టీయూస్' అని విడగొట్టి చదివి, రిమోట్ టెర్మినల్ యూనిట్లు (దూరంగా ఉన్న యంత్రాల్ని అదుపు చేసే పరికరాలు) అనే మామూలు టెక్నికల్ అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు. మీ నవల్లో ఈ రెండో అర్థాన్ని కూడా ఎవరో ఒకరి నోట పలికించండి, అప్పుడు పాఠకుడు చివరిదాకా రెంటి మధ్యా ఊగుతూ ఉంటాడు.

ఇక తెలుగు మాట. ఉందమ్మా, పాత తెలుగు బైబిల్లోనే ఉంది: గొంజిచెట్టు. జెకర్యా మొదటి అధ్యాయంలో ఎర్ర గుర్రం ఎక్కినవాడు లోయలో గొంజిచెట్ల మధ్య నిలబడి ఉంటాడు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో పర్ణశాలల పండక్కి కొండకి పోయి తెమ్మన్న కొమ్మల్లో గొంజి కొమ్మ కూడా ఉంటుంది, యూదులు ఇప్పటికీ ఆ పండక్కి ఖర్జూరపు మట్టతో కలిపి ఈ కొమ్మని పట్టుకుంటారు. అసలు మిర్టస్ పొద మన ఊళ్లలో పెరిగేది కాదు, అందుకని ఆ అనువాదకులు మన పొదల్లో దానికి దగ్గరగా తోచినదాని పేరు తెచ్చి పెట్టారు. చెట్ల పుస్తకాల లెక్కన మన గొంజి నిమ్మ కుటుంబానికి చెందింది, మిర్టస్ కుటుంబం వేరు. ఆ వేరే కుటుంబంలో ఎవరున్నారో చూడండి, జామ, నేరేడు, లవంగం, నీలగిరి! అంటే ఆ ఫోల్డర్ పేరూ ఫైల్ పేరూ ఒకే చెట్ల కుటుంబం. మీ హీరోయిన్ ఫైల్ పాత్ చదివి 'మిర్టస్ లోపల జామ' అనుకునే ఒక్క క్షణం చాలు, ఆ పేర్లు పెట్టినవాడికి చెట్ల సంగతి తెలుసు అనే అనుమానం పాఠకుడికి పుడుతుంది. గ్వావా అని ఉంచేస్తే మనవాళ్లకి ఆ దెబ్బ తగలదు, పక్కన ఒక్కసారైనా జామ అని రాయండి. మిర్టస్‌ని మాత్రం కోడ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంచండి, ఆ మాట అక్షరాలా అలా ఉండటమే క్లూ.

ఇప్పుడు మీ ఫ్రెండ్స్ మాట. చర్చి భాష అని తీసిపారేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. లక్షలమంది ఇళ్లలో రోజూ చదివే తెలుగు అది, యూదుల సంగతులు మన భాషలోకి మొదట వచ్చింది ఆ దారినే, పేపర్లలో ఇంగ్లీషు మీదుగా వచ్చిన మాటలు తర్వాతివి. ఉచ్చారణ విషయంలో కూడా చాలాచోట్ల పాతదే హీబ్రూకి దగ్గర. ఇంగ్లీషు టీ, డీలని మనం ట, డ అని రాయడం అలవాటు చేసుకున్నాం, హీబ్రూలో ఆ హల్లులు మన త, దలకి దగ్గరగా పళ్ల దగ్గర పలుకుతాయి. అందుకే డేవిడ్ కన్నా దావీదు, ఎస్టర్ కన్నా ఎస్తేరు, యూదుల ధర్మశాస్త్రాన్ని టోరా అనడం కన్నా తోరా అనడం మేలు. హడస్సా అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, హదస్సా అనే రాయండి. టెల్ అవీవ్ అంటారా, పేపర్లలో అలా స్థిరపడిపోయింది, దాన్ని కదిలించొద్దు.

మరి యెరూషలేమా, జెరూసలేమా అంటే, మాట్లాడేది ఎవరో చూసుకోండి. ఎస్తేరు కథ చెప్పేచోట షూషను కోట, హామాను, మొర్దెకై, హెబ్రీ అన్నీ బైబిల్ రూపాల్లోనే రానివ్వండి. ఆఫీసులో, న్యూస్‌లో, ఫోన్లో జెరూసలేం, హీబ్రూ, ఇజ్రాయెల్. ఈ తేడా అర్థంలో కూడా పనికొస్తుంది, ఇశ్రాయేలీయులు అంటే ఆ పాత ప్రజలు, ఇజ్రాయెలీ అంటే ఇప్పటి దేశపు పౌరుడు. ఇజ్రాయెలీలు అందరూ యూదులు కారు, దాదాపు ఐదో వంతు అరబ్బులు ఉన్నారు, కాబట్టి ఇజ్రాయెలీ అనాల్సినచోట యూదుడు అని రాస్తే అది భాష తప్పుతో ఆగదు, విషయమే తప్పవుతుంది. అలాగే యూదులు ప్రార్థనకి చేరే సినగాగ్‌కి సమాజమందిరం అనే మంచి మాట ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల సమాజమందిరం ఉంది తెలుసా, తెలుగు మాట్లాడే యూదులు మన మధ్యే ఉన్నారు, ఈ మాటలు ఎక్కడో దూరదేశానివి అనుకోనక్కర్లేదు.

యూదియురాలు అనే రూపం లేదు. యూదుడు, యూదురాలు, యూదులు, విశేషణంగా వాడేటప్పుడు యూదు: యూదు అమ్మాయి, యూదు పండగ. అపొస్తలుల కార్యములలో తిమోతి తల్లిని యూదురాలు అనే అన్నారు. యూదయ అనేది ప్రాంతం పేరు, మీకు కలిసిపోయింది అక్కడే అనుకుంటా.

మీరు అడగకపోయినా ఒకటి చెప్తాను. ఎస్తేరు అంతఃపురంలో చేరాక తన జాతి ఏదో చెప్పదు, లోపల హదస్సా, బయటికి ఎస్తేరు. తాల్ముద్ అనే యూదుల పాత ధర్మవ్యాఖ్యానంలో రబ్బీలు, అంటే వాళ్ల మతగురువులు, ఈ ఎస్తేరు అనే పేరుని హీబ్రూలో మరుగుపరచడం అనే అర్థం ఉన్న క్రియతో ముడిపెట్టారు, హీబ్రూ మూలంలో ఆ గ్రంథం మొత్తంలో దేవుడి పేరు కూడా ఒక్కసారీ రాదు. స్టక్స్‌నెట్‌లో రూట్‌కిట్ చేసిన పనీ అదే, మార్చిన కోడ్‌ని ఇంజనీర్ల కళ్లకి కనబడకుండా దాచడం. మీరు పంపిన పేజీలో 'నిగూఢంగా దాగెను' అని రాసినచోట 'మరుగున ఉంది' అనండి, ఎస్తేరు దగ్గరా అదే మాట వాడండి, రెండుచోట్లా ఒకే మాట పడితే ఎవరూ వివరించకుండానే తగులుతుంది. అంతర్జాల చొరబాటుదారుడు తీసేసి హ్యాకర్ అని పెట్టండి, ఆ అమ్మాయి ఆఫీసులో ఎవరూ అలా మాట్లాడరు.

చివరగా మీరు పంపిన పేజీలో 'శనివారం రాత్రి షబ్బాత్ మొదలైంది, ఆమె లాప్‌టాప్ మూసేసింది' అని ఉంది. షబ్బాత్ అంటే యూదులు పని మానేసే వారపు విశ్రాంతి దినం. మనకి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్లకి సూర్యాస్తమయంతో, కాబట్టి శనివారం రాత్రికి షబ్బాత్ అయిపోయి ఉంటుంది. ఇలా మార్చుకోండి: 'శుక్రవారం పొద్దుగూకుతోంది. ఆమె లాప్‌టాప్ మూసేసింది. రేపు ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఇక దాన్ని ముట్టుకోదు.'