రాత్రి వేళ్లు మొద్దుబారుతున్నాయి.. కుట్టడం మానెయ్యాలా?

ప్రశ్న: నా వయసు 49. ఇష్టం కొద్దీ ఇంట్లోనే కుట్టుకుంటాను. ఈ నాలుగు నెలల్లో గుడ్డ ముక్కలు అతికి డబుల్ కాట్ బొంత ఒకటి పూర్తి చేశాను, మా అమ్మాయికి రెండు గౌన్లు, ఒక చొక్కా కుట్టాను. ఇప్పుడు చెల్లెలి కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం చిన్న బొంత మొదలుపెట్టాను. రెండు నెలలుగా రాత్రి మూడింటికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. చిటికెన వేలికి ఏమీ లేదు. కత్తెరతో కత్తిరిస్తుంటే బొటనవేలి మొదట్లో పోటు. మెడ పట్టేస్తోంది. ఇంట్లో అందరూ మెడ ఎముకలు అరిగాయి, మిషన్ అమ్మేయమంటున్నారు. బీ కాంప్లెక్స్ మాత్రలు వాడుతున్నాను, తేడా లేదు. ఏం చేయాలి?

జవాబు: మిషన్ అమ్మకండి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే మీ టెన్షన్ అంతా చేతి గురించి కంటే ఆ బొంత ఆగిపోతుందేమోనని అనిపించింది.

మీరు రాసిన వాటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది 'చిటికెన వేలికి ఏమీ లేదు' అన్న ఒక్క ముక్క. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో ఒక సగం.. అరచేతి వైపు వీటికి స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. అది మణికట్టు దగ్గర ఇరుకైన సొరంగం లాంటి దారిలోంచి అరచేతిలోకి వస్తుంది. వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల లాంటివి) కూడా అదే దారిలోంచి వెళ్లాలి. వాటి పొర కాస్త ఉబ్బినా ఆ ఇరుకులో నలిగేది నరమే. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటాం. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడిచి పడుకుంటాం కాబట్టి నరం మీద ఒత్తిడి ఇంకా పెరిగి మెలకువ వస్తుంది, విదిలిస్తే తగ్గుతుంది. మీరు రాసినది అచ్చం ఇదే. ఆడవాళ్లలో, అందులోనూ మీ వయసులో ఇది మామూలుగా కనిపించే సమస్యే.

మెడ నుంచి వచ్చే తిమ్మిరి అయితే సాధారణంగా నొప్పి మెడలో మొదలై భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది, మెడ తిప్పితే ఎక్కువవుతుంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అందుకే చేత్తో పట్టుకుని పరీక్షించకుండా మెడ సంగతి పూర్తిగా కొట్టేయలేను. అలాగని మీ అంతట మీరు ముందే మెడకు ఎమ్మారై తీయించుకోకండి. ఏ బాధా లేనివాళ్లకు తీసినా ఈ వయసులో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది, ఆ రిపోర్టు పట్టుకుని మెడకు చికిత్స చేయించుకుంటూ పోతే అసలు నలుగుతున్న నరం అలాగే నలుగుతూ ఉంటుంది.

ఇవాళ రాత్రి నుంచే చేయాల్సింది ఒకటుంది. మణికట్టు తిన్నగా ఉండేలా పట్టే స్ప్లింట్ మందుల షాపుల్లో దొరుకుతుంది, దాన్ని పడుకునేటప్పుడు కట్టుకోండి. బిగించి కాదు, ముడుచుకోకుండా ఉంటే చాలు. రెండు రోజులు కట్టి తగ్గలేదని పక్కన పడేస్తుంటారు, కనీసం 6 వారాలు ప్రతి రాత్రీ వాడితేనే అది పనిచేసిందో లేదో చెప్పగలం. నొప్పి మాత్రలు ఈ తిమ్మిరికి పెద్దగా పనికిరావు. బీ కాంప్లెక్స్ కూడా అంతే. పైగా అందులోని బి6ని ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే దానివల్లే నరాలు దెబ్బతిని తిమ్మిరి వస్తుంది, కాబట్టి డాక్టర్ రాసి ఉంటే తప్ప ఆపేయండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు మాత్రం తప్పకుండా చేయించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా వస్తుంది, ఒక్కోసారి ఆ జబ్బు బయటపడేదే ఈ తిమ్మిరి వల్ల.

బొటనవేలి మొదట్లో పోటు వేరే సంగతి అనుకుంటున్నాను. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద మిగతా వేళ్లు మూసి, పిడికిలిని నెమ్మదిగా చిటికెన వేలి వైపు వంచి చూడండి. మణికట్టు పక్కన, బొటనవేలి వైపు చురుక్కుమంటే అక్కడి టెండన్ల తొడుగు వాచిందని అనుమానించాలి. 1895లో దీన్ని వర్ణించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరు మీద డి క్వెర్వెయిన్ అంటాం. అలా కాకుండా నొప్పి బొటనవేలి అడుగున ఉన్న కీలులోనే ఉంటే అది కీలు అరుగుదల కావచ్చు. ఏదైనా కొన్నాళ్లు కత్తెర పని తగ్గించాలి, బొటనవేలిని కూడా కలిపి పట్టే స్ప్లింట్ వాడాలి.

ఇక కుట్టే తీరు. మీరు భోజనాల బల్ల మీద మిషన్ పెట్టుకుని కుట్టేవాళ్లయితే సగం కారణం అక్కడే ఉంది. బల్ల ఎత్తుకు మిషన్ అడుగుభాగం ఎత్తు కూడా కలిసి గుడ్డ పరిచే చోటు ఇంకో మూడు నాలుగు అంగుళాలు పైకి పోతుంది, దాన్ని అందుకోవడానికి భుజాలు ఎత్తి, మణికట్టు పైకి విరిచి గంటల తరబడి గుడ్డను నెడతాం. మెడ పట్టేయక ఏం చేస్తుంది? మోచేతులు ఇంచుమించు లంబకోణంలో వంగి, మణికట్టు తిన్నగా ఉండేలా కుర్చీ ఎత్తు పెంచండి, కాళ్లు అందకపోతే పెడల్ కింద, రెండో పాదం కింద గట్టి పలక వేయండి.

గౌను కుట్టడం వేరు, బొంత కుట్టడం వేరు. గౌను గుడ్డ తేలిగ్గా జారుతుంది. డబుల్ కాట్ బొంతను, లోపల దూది పొరతో సహా, సూది కింద అటూ ఇటూ తిప్పడమంటే దాని బరువంతా మీ వేళ్లు లాగడమే. బల్ల అంచు నుంచి అది కిందికి వేలాడుతుంటే ఇంకా కష్టం. మీ ఎడమ పక్కన, మిషన్ వెనక అదే ఎత్తులో ఇంకో బల్లో కుర్చీయో వేసి బరువు దాని మీద పడేలా చూడండి. వేళ్ల కొనలకు రబ్బరు పట్టు ఉన్న గ్లౌజులు వేసుకుంటే గుడ్డను నొక్కిపట్టాల్సిన బలం బాగా తగ్గుతుంది. ముక్కలు కత్తిరించడం నిలబడి, నడుము ఎత్తు బల్ల మీద చేయండి. కత్తెర పదును పెట్టించండి, చక్రం లాంటి కట్టర్ వాడుతుంటే బ్లేడు మొద్దుబారకముందే మార్చండి, ఎందుకంటే పదును తగ్గిన కొద్దీ ఆ లోటును మీ బొటనవేలే పూడుస్తుంది. కుట్లు విప్పే పరికరం పిడి సన్నగా ఉంటుంది, దానికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా ఎలాగూ ఆగుతారు కదా, అప్పుడు కుర్చీలోంచి లేచి రెండు నిమిషాలు భుజాలు తిప్పి, వేళ్లు చాచి మళ్లీ కూర్చోండి. అది గంటదాకా అయిపోకపోతే దాని కోసం చూడకుండా అరగంటకే లేవండి.

అన్నట్టు, కళ్లు కూడా చూపించుకోండి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, సూది కనపడక ముందుకు వంగి కుట్టేవాళ్ల మెడనొప్పి సరైన అద్దాలతోనే చాలా తగ్గుతుంది.

స్ప్లింట్‌తో 6 వారాల్లో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే నరాల పరీక్ష చేసి చిన్న ఆపరేషన్‌తో ఆ సొరంగం పైకప్పు లాంటి పట్టీని కోసి నరానికి చోటిస్తారు. కానీ తిమ్మిరి పగలు కూడా వదలకుండా ఉన్నా, గుండీలు పెట్టుకుంటుంటే జారిపోతున్నా, బొటనవేలి కింద అరచేతి కండ పల్చబడినట్టు కనిపించినా 6 వారాలు ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి. కండ ఒకసారి బాగా పోతే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నడకలో తడబాటు, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే అది మెడలో వెన్నుపాము నలగడం వల్ల కావచ్చు. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా పక్షవాతం కావచ్చు. ఈ రెండింటిలో ఏదైనా సరే, వెంటనే ఆస్పత్రికి.

బిడ్డ బొంత ఆపక్కర్లేదు. చిన్నది, బరువు లేదు, పైన చెప్పిన మార్పులతో మిషన్ మీద కుట్టేయండి. అంచు పట్టీని మాత్రం ఈసారి చేతికుట్టుతో వేయకండి. సన్నని సూదిని రెండు వేళ్లతో నొక్కిపట్టి వందల సార్లు లాగడం ఇప్పుడు మీ నరానికీ బొటనవేలికీ రెంటికీ మంచిది కాదు, ఆ పట్టీ కూడా మిషన్ మీదే వేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద మీ అరచేతి ఆకారం గీసుకుని, రాత్రి మెలకువ వచ్చిన వెంటనే మొద్దుబారిన చోటల్లా రంగు పెన్సిల్‌తో నింపండి. నాలుగైదు రాత్రుల బొమ్మలు తీసుకెళ్తే డాక్టర్ పని సగం అయిపోతుంది.