గ్యాప్‌కి ఫేక్ లెటర్ మాత్రం పెట్టకండి

పాప కోసం మూడేళ్లు ఉద్యోగం మానేశారు, ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్లేమో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెడదామంటున్నారు, అంతేగా? ఆ పని మాత్రం వద్దండీ. వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి. ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో తేదీలతో సహా ఉంటుంది. మా తమ్ముడికి ఆఫర్ చేతికొచ్చాక అక్కడే బెడిసికొట్టింది. పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయకపోతే పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' దగ్గర మీరే వేసుకోవచ్చు, ముందు అది చూసుకోండి.

రెజ్యూమెలో ఒక్క లైన్ చాలు: "2022–2025: పాప పెంపకం కోసం విరామం." ఇంటర్వ్యూలో కూడా అంతే. తప్పు చేసినట్టు సంజాయిషీ ఇవ్వకుండా, మీరు కొత్తగా నేర్చుకున్న సెలీనియం అనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టూల్ మీదకి మాట తిప్పేయండి. చేసిన ప్రాజెక్ట్ చిన్నదైనా సరే, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.