సిగ్నల్ దగ్గర కూలెంట్ పొంగుతోంది, మీటరు ముల్లు మాత్రం సగంలోనే ఉంది: ఫ్యాన్ మార్చాలా?

ఇప్పుడే మార్పించకండి. గుంటూరు నుంచి హైవే మీద వస్తున్నంతసేపూ బండి బాగుంటోందనీ, వారధి దాటి విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డాకే కూలెంట్ పొంగి డబ్బాలోంచి కారుతోందనీ రాశారు. ఫ్యాన్ తిరగట్లేదు, ఏసీ వేస్తే తిరుగుతోంది. మీ మెకానిక్కేమో ఫ్యాన్ సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు.

ఏసీ వేస్తే తిరిగే మోటారు కాలిపోయిన మోటారు కాదు కదా. (రెండు ఫ్యాన్లున్న బండైతే ఏసీకి తిరిగేది పక్కది కావచ్చు, బానెట్ ఎత్తి చూడండి. కొన్నిట్లో స్పీడుకో రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు అందించే స్విచ్చు, కూడా ఉంటుంది.) నా అనుమానం వాటర్ టెంపరేచర్ సెన్సర్ మీద, అంతకంటే ఎక్కువగా దాని కప్లర్ మీద, అంటే వైరు వచ్చి సెన్సర్‌కి తగిలే ప్లగ్గు మీద. మా పాత పెట్రోలు బండి నడివేసవిలో సరిగ్గా ఇలాగే ఏడిపించింది.

ఆ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర, 100 దగ్గర 200కి అటూఇటూ. ఆ విలువని బట్టి 95 దాటిందనుకున్నాక ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఫ్యాన్ రిలేని ఆన్ చేస్తుంది. ఇప్పటి బండ్లు చాలావాటిలో మీటరు ముల్లు కదిలేదీ ఈ సెన్సర్ లెక్కతోనే. దొంగసాక్షి ఒక్కడే, వాణ్ణి నమ్మేవాళ్లు ఇద్దరు. కాబట్టి ముల్లు సగంలో ఉందని ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కాదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కి స్కానర్ (ఈసీయూ లెక్కలు చూపించే పరికరం) పెడితే మా బండిలో 29 డిగ్రీలు చూపించింది, బయట గాలీ అంతే. దాంతో సెన్సర్ బాగానే ఉందని ఒకరిద్దరు తేల్చేశారు. కానీ కప్లర్ పిన్నుకి పట్టిన పచ్చటి చిలుము ఒక 130 ఓమ్‌లు కలిపిందనుకోండి, చల్లగా ఉన్నప్పుడు దాదాపు రెండు వేలలో అది లెక్కలోకి రాదు. వేడెక్కి 200కి దిగాక అదే 130 కలిస్తే లెక్క తలకిందులవుతుంది: 330 చూసి ఈసీయూ ఇంకా 80 డిగ్రీల దగ్గరే ఉందనుకుని ఫ్యాన్ తిప్పదు. అందుకని ఈ పరీక్ష వేడి మీదే చెయ్యాలి.

ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో పెట్టి, స్కానర్లో కూలెంట్ టెంపరేచర్ చూస్తూ సెన్సర్ వైరుని మెల్లగా కదపండి. ఫ్యాన్ ఏ క్షణాన్నయినా తిరుగుతుంది; చొక్కా చేతులు, భుజం మీది తువ్వాలు దగ్గరికి రానివ్వకండి. మాకు 78 ఉన్నది వైరు కదపగానే 97కి ఎగిరింది, ఫ్యాన్ గుర్రుమంటూ అందుకుంది. దాంతో దొంగ దొరికాడు.

కదిపినా మార్పు లేకపోతే కప్లర్ పూర్తిగా పీకెయ్యండి. స్కానర్లో మైనస్ 40 వస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, చాలా బండ్లలో ఈసీయూ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ని తనంతట తనే తిప్పేస్తుంది. తిరిగిందంటే మోటారు, రిలే, ఫ్యూజు మూడూ బాగున్నట్టే. అప్పుడిక ఇంజిన్ చల్లారాక సెన్సర్ విప్పి, మరిగే నీళ్లలో దాని కొస ముంచి మల్టీమీటరు పెట్టండి. 200 దరిదాపుల్లో రాకుండా ఎక్కువ చూపిస్తుంటే సెన్సరే పోయింది. మాది ఈ పరీక్షలో నెగ్గింది. అందుకే సెన్సర్ మార్చలేదు, కప్లర్ ఒక్కటే మార్చాం. ఆటోనగర్లో వైరు ముక్కతో సహా కప్లర్లు దొరుకుతాయి. పాత వైరుకి మెలిపెట్టి టేపు చుడితే ఒప్పుకోకండి, సోల్డరింగ్ చేసి స్లీవు వేయించండి. చిలుము పట్టిన పిన్నుల్ని స్ప్రే కొట్టి తుడిచినా కొన్నాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది. అసలు వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ ఎత్తి ప్రెషర్ గన్‌తో కొట్టించే అలవాటుంటే మానండి. సగం కప్లర్ల జబ్బులు అక్కడ తగిలించుకున్నవే అని నా అభిప్రాయం.

సెన్సరే మార్చాల్సి వస్తే కొత్త వాషర్ వేయించండి, మరీ బిగించనివ్వకండి; ప్లాస్టిక్ హౌసింగ్ అయితే చీలుతుంది. కారిన కూలెంట్ బదులు బోరునీళ్లు పొయ్యకండి, లోపల పొలుసు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోసి, హీటర్ ఫుల్లులో పెట్టి బుడగలు ఆగేదాకా గాలి తీయించాలి. సెన్సర్ కొస దగ్గర గాలి నిలిస్తే అది మళ్లీ తప్పే చెబుతుంది.

అంతవరకూ ట్రాఫిక్‌లో ఏసీ ఆపకండి. వేడెక్కితే ఏసీ కట్టెయ్యమని అందరూ చెబుతారు, మీ కేసులో ఫ్యాన్‌ని తిప్పుతున్నది అదొక్కటే. అయినా పొంగితే పక్కకి తీసి ఇంజిన్ ఆపండి, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. రేడియేటర్ షాపుకి కాకుండా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. ఇవన్నీ సరిచేశాక, ఫ్యాన్ టైముకి తిరుగుతున్నా ఇంకా పొంగుతోందంటే అప్పుడు థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ వదిలే వాల్వు), ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) చూడాలి.