ఏ ఫిల్లింగ్ అని కాదు, ఎన్ని కెనాల్స్ దొరికాయని అడగండి

రూట్ కెనాల్‌లో కెనాల్స్‌ని, అంటే పంటి వేళ్లలోని సన్నటి గొట్టాల్ని, నింపడానికి లాటరల్ పద్ధతి మంచిదా, వేడి చేసి నింపేదా, ఒకే పుల్ల పెట్టే సింగిల్ కోనా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, ఒకే పన్నుకు రెండుసార్లు రూట్ కెనాల్ చేయించుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో అంటున్నా, మూడూ మంచివే.

నాది పైదవడలో ఎడమవైపు మొదటి పెద్ద పన్ను. మొదటిసారి గుంటూరులో లాటరల్ పద్ధతిలో నింపారు. గట్టా పర్చా అనే చెట్టు పాల రబ్బరుతో చేసిన సన్నటి గులాబీ రంగు పుల్లలు. ఒక పెద్ద పుల్ల పెట్టి, సూదిలాంటి స్ప్రెడర్‌తో పక్కకి నొక్కి, ఆ సందులో ఇంకోటి, మళ్లీ ఇంకోటి. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలోకి కాయలు తొక్కినట్టే! చివర్లో మిగిలిన తోకల్ని కాల్చిన పరికరంతో కోస్తే కాస్త పొగ, లవంగ నూనె వాసన. ఎక్స్‌రేలో తెల్లగా, చివరిదాకా, ముచ్చటగా ఉంది.

నాలుగేళ్లకి మళ్లీ మొదలైంది. అప్పడం కొరికినా ప్రాణం పోయేది. మా అత్తయ్య లవంగం పెట్టుకోమంది. నరమే లేని పన్నుకి లవంగం ఏం చేస్తుంది?

ఈసారి ఎండోడాంటిస్ట్, అంటే రూట్ కెనాల్ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే చూసి, "ఫిల్లింగ్‌కి వంక పెట్టలేమండీ" అన్నాడాయన.

"మరి నొప్పెందుకు సార్?"

"ఈ పన్నుకి బుగ్గవైపు ముందు వేరులో చాలామందికి రెండో కెనాల్ ఉంటుంది. అది దొరికినట్టు లేదు."

ఎంగిలి పన్నులోకి పోకుండా నోటికి రబ్బరు షీటు బిగించి, మైక్రోస్కోప్ పెట్టి, పాత పుల్లలన్నీ పీకి, మాటా పలుకూ లేకుండా వెతికాడు. నేను సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతూ పడుకున్నా. చివరికి "ఇదిగో" అన్నాడు. కెనాల్ గీకే సన్నటి ఫైల్ బయటికి తీయగానే వచ్చిన కంపు ఇప్పటికీ మర్చిపోలేను. నాలుగేళ్లు ఆ కుళ్లు లోపలే ఉంది, పక్కన మూడు కెనాల్స్ అంత అందంగా నింపి!

తర్వాత హైపోక్లోరైట్‌తో కడుగుడే కడుగుడు. ఇళ్లలో వాడే బ్లీచ్ జాతి మందే అది. అసలు పని అక్కడే జరిగిందని నా నమ్మకం. మొదటి క్లినిక్‌లో రబ్బరు షీటు పెట్టనేలేదు. బయట బోర్డు మీద మాత్రం 'నొప్పి లేకుండా, ఒకే సిటింగ్‌లో' అని రాసుకున్నారు.

ఈసారి వేడి పద్ధతిలోనే నింపాడు. మెత్తబడిన గట్టా పర్చా సందుల్లోకి బాగా పారుతుందట, కాకపోతే వేరు కొన దాటి బయటికి పోయే అవకాశం కాస్త ఎక్కువ. మా తమ్ముడికి హైదరాబాద్‌లో సింగిల్ కోన్, బయోసెరామిక్ సిమెంట్‌తో చిటికెలో అయిపోయింది. ఆ సిమెంట్ గట్టిపడ్డాక మళ్లీ తీయాలంటే డాక్టరుకి చెమటలే. వాడి పన్నూ బాగుంది, నాదీ బాగుంది.

మీది ఏ పన్నో రాయలేదు. పైదవడ మొదటి పెద్ద పన్నైతే నాలుగో కెనాల్ వెతుకుతారా అని కుర్చీలో పడుకోకముందే అడగండి. రబ్బరు షీటు బిగించాక 'ఆఁ ఊఁ' తప్ప ఏమీ అనలేరు.