తిరుపతిలో తొమ్మిదో తరగతి పాప పర్యావరణ సేవ చేస్తానంటోంది, ఎక్కడ చేర్పించాలి?

మీ పాప చెట్లు, చెరువులు అంటూ ఏదో సేవ చేస్తానంటోంది, ఏ సంస్థలో చేర్పిస్తే బాగుంటుంది, సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగారు. సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టండి. ముందు మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఏ చెరువు ఉందో చూడండి.

చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు బయాలజీ చెప్పాను. ఎకో క్లబ్ కూడా నా నెత్తినే ఉండేది. జాతీయ హరిత దళం కింద ఏడాదికి 2,500 రూపాయలు వచ్చేవి. బ్యానరు, నాలుగు పారలు, పిల్లలకు బిస్కెట్లు కొనేసరికి సరి. జూలై వచ్చిందంటే వనమహోత్సవం. పోయినేడు తీసిన గుంతలోనే ఈ ఏడూ మొక్క నాటి ఫొటో దిగేవాళ్లం. పోయినేటి మొక్క ఏమైందని ఎవరూ అడగరు. అడిగితే మేకను చూపించాలి.

ఒక ఏడు వినాయక చవితి నిమజ్జనం అయ్యాక వచ్చిన ఆదివారం, పద్నాలుగు మంది పిల్లలతో ఊరి చెరువుకు వెళ్లాను. వానల్లేక నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. విగ్రహాలు మునిగితే కదా! తొండం విరిగినది ఒకటి, బొజ్జ వరకు బురదలో కూరుకున్నది ఒకటి. చుట్టూ థర్మాకోల్ ముక్కలు, కవర్లలో ముడివేసిన పూలు. కవర్లన్నీ అరగంటలో ఏరేశారు. విగ్రహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కరూ చెయ్యి వేయరు. గట్టు మీద ఎనుములు మేపుకుంటున్న ముసలాయన అరిచాడు. "ఏం సారూ, మొన్న మొక్కిన సామిని ఈ పొద్దు చెత్త ట్రాక్టర్లో ఏస్తారా?"

నాకు నోట మాట రాలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం "వెయ్యం తాతా, కడిగి పెడతాం" అంది. విరిగి పడిన అభయహస్తం ఒకటి తీసుకుని బోరింగు దగ్గర కడిగింది. అక్కడినుంచి అందరూ దిగారు.

నా తప్పు కూడా చెప్పాలి. పిల్లల్ని వట్టి కాళ్లతో దించాను. విగ్రహంలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ ఒక పిల్లాడి పాదంలో దిగింది. టీటీ ఇంజెక్షన్ వేయించి ఇంటికి చేర్చాను. సోమవారం వాళ్ల నాన్న స్కూలుకొచ్చి, చదువుకోడానికి పంపిస్తే చెరువులో దింపుతావా అని కడిగేశాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మీ పాప ఎక్కడికి వెళ్లినా బూట్లు, మందపాటి గ్లౌజులు ఉండాలి. టీటీ ఎప్పుడు వేయించారో చూసుకోండి.

ఆ పిల్ల కడిగిన విగ్రహం చెయ్యిని ల్యాబ్‌కు తెచ్చి బకెట్ నీళ్లలో వేశాం. పక్కన ఇంకో బకెట్‌లో మట్టి వినాయకుణ్ణి పెట్టాం. సాయంత్రం చివరి బెల్లుకల్లా మట్టి వినాయకుడు అడుగున బురదయ్యాడు. ప్లాస్టర్ చెయ్యి అట్లే ఉంది. మరుసటి ఏడు పిల్లలే కుమ్మరాయన్ని బతిమాలి, చెరువు మట్టితో బొమ్మలు చేయడం నేర్చుకుని వీధివీధికీ పంచారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలిచ్చింది. మా పిల్లలకు ఆ సంగతి బకెట్ అంతకుముందే చెప్పింది.

సరే, మీరు అడిగినదానికి వస్తాను. ముందు స్కూల్లో ఎకో క్లబ్ ఉందేమో కనుక్కోండి. చాలా స్కూళ్లలో కాగితం మీద ఉంటుంది, అడిగేవాళ్లుంటే బయటికొస్తుంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. మేడ మీద పదిహేను నిమిషాలు కూర్చుని కనిపించిన పక్షుల్ని రాసి ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే చాలు, ఫీజేమీ లేదు. ఇంటర్‌కు వచ్చాక కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఉంటే చేర్పించండి. అందులో ఏడాదికి 120 గంటలు పని చేయాలి, మీరడిగిన సర్టిఫికెట్ అక్కడ దొరుకుతుంది. శేషాచలం అడవిలోకి మాత్రం అటవీశాఖ వాళ్లు లేకుండా పంపొద్దు. చిరుతలు ఒకవైపు, ఎర్రచందనం దొంగలు ఒకవైపు.

అసలు కష్టం సంస్థలు దొరకకపోవడం కాదు, ఆదివారం దొరకకపోవడం. తొమ్మిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆదివారం కూడా స్టడీ అవర్స్ పెడుతున్నారు. మా మనవడు జూలో నెమలిని చూశాడు గానీ మా వీధి చివర వేపచెట్టు మీదున్న జెముడుకాకిని ఎప్పుడూ చూడలేదు. వాణ్ణి ఆ చెట్టు కింద నిలబెడదామంటే వాళ్లమ్మ "నాన్నా, వాడికి స్లిప్ టెస్ట్ ఉంది" అంటుంది. మీ పాపకు నెలకు ఒక్క ఆదివారం ఖాళీ ఇప్పించండి. ఏ సంస్థ అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆ బకెట్ సంగతి చెప్పలేదు కదూ. నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాం. నేను రిటైరయ్యే నాటికి చేతి మీద రంగు పోయింది, వేళ్లు మాత్రం ఐదూ ఉన్నాయి. కొత్తగా వచ్చిన మేడమ్‌కు ల్యాబ్ సామాను అప్పగిస్తుంటే "ఇది రిజిస్టర్‌లో లేదే సార్, ఏమని రాయమంటారు?" అని అడిగింది. రాయొద్దు, నీళ్లు మాత్రం పోస్తూ ఉండండి అని చెప్పి వచ్చాను.